ఇంట్లో కీమో: జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు

కీమో తీసుకుంటున్న మనిషికి రాత్రి పదింటికి ఒళ్లు వెచ్చబడుతుంది. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్ర వేస్తారు. చెమట పట్టి జ్వరం జారుతుంది. పొద్దున్నే డాక్టరుకు ఫోన్ చేద్దాంలే అని అందరూ పడుకుంటారు. తెల్లారేసరికి మనిషి మగతలో ఉంటాడు, కాళ్లూ చేతులూ చల్లబడి ఉంటాయి, బీపీ పడిపోయి ఉంటుంది. క్యాన్సర్ వార్డుల్లో పనిచేసే డాక్టర్లకూ నర్సులకూ ఈ వరస కొత్త కాదు. మందుకు చక్కగా లొంగుతున్న క్యాన్సర్ ఉన్నవాళ్లు కూడా ఇలా పోతున్నారు. కొంప ముంచేది ఆ ఆరేడు గంటల ఆలస్యమే.

అందుకే అన్నిటికన్నా ముందు ఈ మాట. కీమో నడుస్తున్నన్నాళ్లూ థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్ కనిపిస్తే అది ఎమర్జెన్సీ. అర్ధరాత్రి అయినా అంతే, ఆదివారం అయినా అంతే, సంక్రాంతి అయినా అంతే. మాత్ర వేసి చూద్దాం అనుకోవద్దు. ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి.

కారణం తెలిస్తే ఈ తొందర ఎందుకో అర్థమవుతుంది. చాలా కీమో మందులు ఎక్కించిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్ల రక్తకణాలను బాగా తగ్గిస్తాయి. కౌంట్ పడిపోయింది అని ఆసుపత్రిలో అనేది దీన్నే. ఆ కణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం ఒక మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గిందంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే శక్తి ఒంటికి దాదాపు లేనట్టే. పుండుకు చీము పట్టాలన్నా ఆ కణాలే కావాలి. అవి లేనప్పుడు పుండు ఎర్రబడదు, దగ్గితే కఫం రాదు, ఎక్స్‌రేలో మచ్చ కూడా కనిపించకపోవచ్చు. లోపల ఏం జరుగుతోందో బయటికి చెప్పేది ఒక్క జ్వరమే. ఆ ఒక్క గుర్తునూ పారాసెటమాల్ చెరిపేస్తుంది. అమెరికాలోని క్యాన్సర్ వైద్యుల సంఘం, ఇన్ఫెక్షన్ వైద్యుల సంఘం కలిసి 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి రోగి ఆసుపత్రికి చేరిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ పడాలి. గంటల్లో తేలే వ్యవహారాన్ని మనం రేపటికి వాయిదా వేస్తున్నాం.

జ్వరం లేకపోయినా కొన్ని గుర్తులను వదిలేయకూడదు. పెద్దవయసు వారిలో, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న వారిలో ఒళ్లు కాలకుండానే ఇన్ఫెక్షన్ ముదురుతుంది. పళ్లు కొట్టుకునేంత వణుకు, ఉన్నట్టుండి మగత, తడబడే మాట, ఆయాసం కనిపిస్తే జ్వరంతో సమానంగానే చూడాలి. మందు ఎక్కించే గొట్టంగా చేతికి పిక్ లైన్, ఛాతీలో కీమో పోర్టు ఉన్నవారికి దాన్ని ఫ్లష్ చేసిన కాసేపటికి వణుకు పుడితే ఆ లైనులోనే క్రిములు చేరాయని అనుమానించాలి.

ఇంకో మాట. కీమో ఇచ్చిన ఆసుపత్రికే వెళ్లాలన్న పట్టుదల ఈ ఒక్క విషయంలో పెట్టుకోవద్దు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లు. కారు మాట్లాడుకుని రాత్రంతా ప్రయాణం చేసేలోపు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. 108కి ఫోన్ చేయండి. దగ్గర్లో రక్తపరీక్ష, ఇంజెక్షన్ దొరికే ఆసుపత్రికి ముందు చేరండి. డ్యూటీ డాక్టరుకు చెప్పే మొదటి వాక్యం ఇలా ఉండాలి: "ఫలానా తేదీన కీమో అయింది, ఇప్పుడు జ్వరం, కౌంట్ చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టండి సార్." వైరల్ జ్వరాల క్యూలో కూర్చోబెడితే కూర్చోవద్దు, కీమో అని గట్టిగా చెప్పండి.

ఇరవై రోజులు ఇంట్లోనే

కీమో అంటే ఆసుపత్రిలో జరిగే వైద్యమని మనకో నమ్మకం. లెక్క చూస్తే కథ వేరు. మూడు వారాల సైకిల్‌లో డే కేర్ మంచం మీద గడిచేది మహా అయితే ఒక రోజు. మిగతా ఇరవై రోజులూ ఇంట్లోనే. కౌంట్ పడేదీ, నోరు పూసేదీ, విరేచనాలు పట్టుకునేదీ ఇంట్లోనే. దీనికి తోడు ఇప్పుడు మాత్రల కీమో వచ్చింది. పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు కేపసిటాబిన్, మెదడు గడ్డలకు టెమోజోలోమైడ్ రాసిస్తున్నారు. రెండు రోజుల పాటు మందు ఎక్కే పంపును నడుముకు కట్టి ఇంటికి పంపుతున్నారు. నగరాల్లో నర్సే ఇంటికొచ్చి ఎక్కించే సర్వీసులూ మొదలయ్యాయి.

గ్లోబోకాన్ అనే అంతర్జాతీయ క్యాన్సర్ గణాంకాల అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా 14 లక్షల మందికి పైగా క్యాన్సర్ బారిన పడ్డారు. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, ఆ ఏడాదే 200 తెరుస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. శ్రీకాకుళం మనిషి కీమో కోసం ఊళ్లు పట్టి తిరగకుండా ఉన్న జిల్లాలోనే చేయించుకోగలిగితే అంతకన్నా కావాల్సింది ఏముంది? కానీ మందు ఇంటికి వెళ్తున్నంత వేగంగా ఆ మందు గురించిన మాట ఇంటికి వెళ్లడం లేదు. డిశ్చార్జి చీటీ ఇంగ్లిషులో ఉంటుంది. చెప్పేవాళ్లు హడావిడిలో ఉంటారు, వినేవాళ్లు కంగారులో ఉంటారు.

భయపడాల్సిన చోట కాకుండా

జ్వరాన్ని తేలిగ్గా తీసుకునే ఇళ్లలోనే ఏ ముప్పూ లేని వాటికి నిద్రల్లేకుండా వణికిపోతున్నారు.

రొమ్ము క్యాన్సర్‌కు తరచూ ఇచ్చే డోక్సోరుబిసిన్ మందు ఎర్రగా ఉంటుంది. అది ఎక్కించుకున్నాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగు, రక్తం కాదు. ముందుగా చెప్పకపోతే ఆ ఇల్లాలు బాత్రూంలోనే కూలబడిపోతుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ తర్వాత ఫ్రిజ్‌లో చెయ్యి పెడితే వేళ్లు జివ్వుమంటాయి. చల్లటి నీళ్లు గుక్కెడు తాగితే గొంతు పట్టేసి ఊపిరి ఆగిపోతున్నట్టు అనిపిస్తుంది. అది చలికి నరాలు చూపించే ప్రతాపం. గోరువెచ్చని నీళ్లు తాగితే సర్దుకుంటుంది. మందు ఎక్కిన తర్వాత కొన్ని రోజులు చల్లటివి ముట్టకుండా ఉంటే అసలు రాకపోవచ్చు. చల్లదనంతో సంబంధం లేకుండా ఆయాసం వచ్చినా, పెదవులు వాచినా మాత్రం ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడ్ మాత్ర. దానితో రాత్రి నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది, చీటికీమాటికీ కోపం వస్తుంది. ఇంట్లోవాళ్లు "బెంగతో మనిషి పాడైపోతోంది" అనుకుంటారు. మాత్రను పొద్దున పూటకు మార్చవచ్చా అని డాక్టరును అడిగితే సగం బాధ తీరుతుంది. కౌంట్ పెంచే ఇంజెక్షన్ చేయించుకున్నాక నడుము, తుంటి ఎముకలు లోపలి నుంచి పీకేస్తాయి. క్యాన్సర్ ఎముకలకు పాకిందని బెంబేలు పడతారు. ఎముకల్లోని మూలుగ కొత్త కణాలను తయారు చేస్తోందనడానికి గుర్తు ఆ నొప్పి. కొద్ది రోజుల్లో తగ్గుతుంది. రెండు మూడు వారాల్లో రాలిపోయే జుట్టు కోర్సు అయ్యాక సాధారణంగా మళ్లీ వస్తుంది.

ఆసుపత్రి గేటు కనపడగానే, స్పిరిట్ వాసన తగలగానే వాంతి చేసుకునేవాళ్లున్నారు. అది నటన కాదు, పిరికితనమూ కాదు. కిందటి సైకిళ్ల బాధను శరీరం గుర్తుపెట్టుకుని ముందే స్పందిస్తోంది. దానికీ మందులున్నాయి, డాక్టరుకు చెప్పాలంతే. చెప్పుకోలేక, ఆ భయంతోనే తర్వాతి సైకిల్ ఎగ్గొట్టేవాళ్లు, మాత్రలు దిండు కింద దాచేవాళ్లు ఉన్నారు. ఇక్కడే భయం ప్రాణాల మీదికి తెస్తుంది.

"ధైర్యంగా ఉండండి" అన్నంత మాత్రాన ధైర్యం రాదు. ఏది మామూలు, ఏది ప్రమాదం, ప్రమాదమైతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? ఈ మూడూ తెలిసిన ఇంట్లో భయం దానంతట అదే తగ్గుతుంది. తెలియని ఇంట్లో ఎంతమంది పరామర్శించినా తగ్గదు.

కవరు మీద రాయని మాట

మందుల షాపు కౌంటరు మీద కేపసిటాబిన్ కవరును ఒకసారి పరిశీలనగా చూడండి. 60 కిలోల మనిషికి పూర్తి మోతాదు రాస్తే పూటకు 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు దాకా పడతాయి. రోజుకు ఎనిమిది. పద్నాలుగు రోజులకు 112. పది మాత్రల స్ట్రిప్పులు పన్నెండు కవరులో పడేసి, పైన బాల్‌పెన్నుతో 4-0-4 అని గీస్తారు. అంతే. పద్నాలుగు రోజులు వాడాక ఏడు రోజులు ఆపాలన్న మాట ఆ కవరు మీద ఉండదు. తిన్న అరగంటలోపు వేసుకోవాలన్న మాట ఉండదు. చివరి స్ట్రిప్పులో ఎనిమిది మాత్రలు మిగులుతాయి. మందు వేస్ట్ ఎందుకని, బీపీ మాత్రలూ షుగరు మాత్రలూ ఆపకూడదన్న అలవాటులో, వాటిని పదిహేనో రోజునా మింగేస్తారు. ఆ ఏడు రోజుల విరామం ఒళ్లు కోలుకోవడానికి ఇచ్చిన గడువు. దాన్ని మింగేయడమంటే విషాన్ని ఎదురెళ్లి తెచ్చుకోవడమే.

ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండింతలు వేసుకోకూడదు. మింగాక వాంతి అయితే డాక్టరును అడగకుండా మళ్లీ వేసుకోకూడదు. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మంటపెట్టి పొట్టు లేస్తుంటే వెన్న రాసి ఊరుకోకూడదు. మామూలుగా వెళ్లేదానికన్నా రోజుకు నాలుగు విరేచనాలు ఎక్కువైనా, నోరు పూసి అన్నం దిగకపోయినా, ఛాతీలో పట్టేసినట్టు నొప్పి వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయాలి. కొందరికి ఈ మందును విరగ్గొట్టే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. వారికి మామూలు మోతాదే మొదటి వారంలో విషమవుతుంది. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడుతున్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

మెథోట్రెక్సేట్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్ల పరిశోధన 2020లో వెలువడ్డాక ముదిరిన నోటి, గొంతు క్యాన్సర్లకు తక్కువ ఖర్చులో మాత్రల వైద్యం ఒకటి బాగా ప్రచారంలోకి వచ్చింది. అందులో సెలికాక్సిబ్ రోజూ వేసుకోవాలి, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రెండూ ఒకే కవరులో ఉంటాయి. వారం మాత్రను రోజూ మింగితే నోరంతా పుండ్లై, మూలుగ పనిచేయడం మానేసి ప్రాణం పోతుంది. కీళ్లవాతానికి ఇదే మందు వాడేవారికీ ఇదే హెచ్చరిక. వారంలో ఏ రోజో తెలుగులో, పెద్ద అక్షరాల్లో, స్ట్రిప్పు మీదే రాయించుకోండి. "మంగళవారం మాత్రమే" అన్న రెండు మాటలు ఒక ప్రాణం విలువ చేస్తాయి.

దీనికి వ్యతిరేకమైన తప్పు పిల్లల ఇళ్లలో జరుగుతోంది. లుకేమియా వచ్చిన పిల్లలకు ఆసుపత్రి వైద్యం ముగిశాక కూడా ఏడాది రెండేళ్లు ఇంట్లో మెర్‌కాప్టోప్యూరిన్ మాత్ర రోజూ వేయాలి. పిల్లాడు ఆడుకుంటున్నాడు, బొద్దుగా ఉన్నాడు, ఇంకా ఈ మందులెందుకని ఆపేస్తారు. నూటికి 95 కన్నా తక్కువ మోతాదులు వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు రెండున్నర రెట్లకు పైగా ఉందని 2015లో వచ్చిన అమెరికా అధ్యయనం తేల్చింది. పిల్లాడు ఆరోగ్యంగా కనిపించడం మందు పనిచేస్తోందనడానికి గుర్తు, ఆపమనడానికి కాదు.

నడుముకు కట్టిన పంపు

కెనడాలోని ఎడ్మంటన్‌లో 2006లో ఒక మహిళకు ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందు పంపు పెట్టి ఇంటికి పంపారు. నాలుగు రోజుల్లో వెళ్లాల్సిన మందు నాలుగు గంటల్లో వెళ్లిపోయింది. గంటకు 1.2 మిల్లీలీటర్లు పెట్టాల్సిన చోట 28.8 పెట్టారు. రోజుకు వెళ్లాల్సిన లెక్కను 24తో భాగించడం మరిచిపోయారు. ఒక నర్సు లెక్కను ఇంకో నర్సు సరిచూశాక కూడా ఆ తప్పు దొరకలేదు. కొన్ని వారాల్లోనే ఆమె చనిపోయారు. దాని మీద జరిగిన విచారణ నివేదికను ప్రపంచమంతా ఆసుపత్రులు ఇప్పటికీ పాఠంగా చదువుతాయి.

మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది కరెంటు, బ్యాటరీ లేని పంపు. ప్లాస్టిక్ సీసాలో ఉన్న బుడగ మెల్లగా కుంచించుకుంటూ 46 గంటల్లో మందును లోపలికి నెడుతుంది. ఇంటికి బయల్దేరే ముందు మూడు సంగతులు అడిగి కాగితం మీద రాయించుకోవాలి: ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్ని గంటలకు అయిపోవాలి, అప్పుడు ఎక్కడికి రావాలి. మొదటి రాత్రి బుడగ తగ్గినట్టు కనిపించదు. కంగారు పడాల్సింది లేదు, మర్నాటికి తేడా తెలుస్తుంది. ఎండలో కూర్చోవడం, వేడినీళ్ల సంచీ పక్కన పెట్టుకోవడం వద్దు, వేడి తగిలితే మందు వేగంగా వెళ్తుంది. చెప్పిన గడువుకు చాలా ముందే బుడగ ఖాళీ అయితే మాత్రం, మనిషి బాగానే ఉన్నా, ఆ నిమిషమే ఫోన్ చేయాలి. మోతాదు మించిన లక్షణాలు వెంటనే కనిపించవు. యూరిడిన్ ట్రైయాసిటేట్ అనే విరుగుడు మందుకు 2015లో అమెరికా అనుమతి ఇచ్చింది, అదీ 96 గంటల్లోపు మొదలుపెడితేనే. బాగానే ఉన్నాం కదా అని రెండు రోజులు ఆగితే సగం గడువు అయిపోయినట్టే.

పళ్లెం వేరు చేయకండి, మాత్ర ముట్టకండి

క్యాన్సర్ అంటుకోదు. కీమో తీసుకుంటున్న తల్లి పక్కన పిల్లలు పడుకోవచ్చు, తాతను మనవరాలు వాటేసుకోవచ్చు. కంచం, గ్లాసు వేరుపెట్టి మనిషిని మూలగదిలోకి నెట్టడం పాపం. జాగ్రత్త పడాల్సింది మందుతో. మాత్రలు విరగ్గొట్టకూడదు, నూరకూడదు, క్యాప్సూల్ విప్పి పెరుగులో కలపకూడదు. మింగలేకపోతే డాక్టరును అడగాలి. మాత్ర తీసిచ్చేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి, గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు ముట్టకూడదు. కీమో తర్వాత కనీసం 48 గంటలు మూత్రం, మలం, వాంతిలో మందు అంశం ఉంటుంది. టాయ్‌లెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి, మూత లేని చోట బకెట్ నీళ్లు ధారాళంగా పోయాలి. మగవాళ్లు కూర్చుని పోస్తే చింది పడదు. పాడైన దుప్పట్లు గ్లౌజులతో తీసి విడిగా ఉతకాలి. మిగిలిన మాత్రలు చెత్తబుట్టలోనో కాలువలోనో వేయకుండా ఆసుపత్రికే తిరిగి ఇచ్చేయాలి.

ఇక పత్యం. కీమో మొదలైందనగానే గుడ్డు వద్దు, పెరుగు వద్దు, మాంసం వద్దు అని చుట్టాలు ఒక్కో వస్తువూ కంచంలోంచి తీసేస్తారు. బలం కావాల్సిన సమయంలో మనిషి చిక్కి శల్యమవుతాడు, బరువు తగ్గాక మోతాదు తగ్గించాల్సి వస్తుంది, సైకిల్ వాయిదా వేయాల్సి వస్తుంది. బాగా ఉడికిన గుడ్డు, పప్పు, వేడివేడిగా వండిన చేప, ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు, మీ డాక్టరు వద్దనకపోతే, తినొచ్చు. రోడ్డు పక్క జ్యూసులు, కోసి పెట్టిన పళ్లు, పచ్చి సలాడ్లు మానాలి. పసరు మందులు, ఆకురసాలు, కషాయాలు ఏవైనా డాక్టరుకు దాచకూడదు. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు వైద్య పత్రికలో ప్రచురించారు. ఆయుష్ శాఖ ఆ వాదనను ఒప్పుకోలేదు. ఆ వాదం ఎటు తేలినా, కాలేయం మీద ఇప్పటికే కీమో భారం పడుతున్న మనిషి దాన్ని పరీక్షించాల్సిన అవసరం లేదు.

పరామర్శకు వచ్చేవాళ్లకు కూడా ఒక మాట. జలుబు, దగ్గు ఉంటే రాకండి, ఫోన్‌లో పలకరించండి. వచ్చినవాళ్లు "మా ఊళ్లో ఫలానా ఆయన కూడా ఇలాగే..." అనే కథలు ఎత్తకండి.

దాచిపెట్టే ప్రేమ

మన ఇళ్లలో ఇంకో ఆచారం ఉంది. "నాన్నకు క్యాన్సర్ అని చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేడు" అని కొడుకు తలుపు బయటే బతిమాలుతాడు. గ్యాస్ట్రిక్ మాత్రలనో బలం మందులనో చెప్పి కీమో మింగిస్తారు. కొడుకు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోతాడు. ఆ పెద్దాయనకు ఒంటరిగా ఉన్నప్పుడు జ్వరం వస్తే అది మామూలు జ్వరమే, విరేచనాలు పట్టుకుంటే పడని తిండే. తనకు తెలియని ప్రమాదం నుంచి ఎవరూ తనను కాపాడుకోలేరు. ప్రేమతోనే దాస్తున్నారు, ఒప్పుకోవాల్సిందే. అయినా మందు మింగే మనిషికి తాను మింగేది ఏమిటో తెలియాలి. ఎలా చెప్పాలో తెలియకపోతే డాక్టరునో కౌన్సెలర్‌నో చెప్పమనండి. దిగులు, నిద్రలేమి భరించలేనంతగా ఉంటే టెలి మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇంటికొచ్చి ఎక్కించే కీమో సర్వీసు పెట్టుకునేవారు డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు వేయాలి. మొదటి డోసు ఆసుపత్రిలోనే ఇస్తారా? ఈ వారం రక్తపరీక్ష చూసి క్యాన్సర్ డాక్టరు సంతకం చేశారా? రియాక్షన్ వస్తే ఇవ్వాల్సిన మందులు నర్సు సంచీలో ఉన్నాయా? వాడిన సీసాలు, గొట్టాలు వాళ్లే తీసుకెళ్తారా? డోక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్ లాంటివి నరం దాటి బయటికి కారితే కండ మాడిపోతుంది. వాటిని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత చేతి నరానికి ఎక్కించుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఎంత నమ్మకస్తుడైనా సరే.

ఆసుపత్రులు, ప్రభుత్వాలు

భారమంతా రోగి మీద వేస్తే ఈ హెచ్చరిక సగమే అవుతుంది. నోటి మాత్రల కీమోకు కూడా ఇంజెక్షన్ కీమోకు పాటించే ప్రమాణాలే పాటించాలని బ్రిటన్ రోగి భద్రతా సంస్థ 2008 జనవరిలోనే ఆదేశించింది. అక్కడ కీమో రోగి దగ్గర ఒక కార్డు ఉంటుంది, ఇరవై నాలుగు గంటలూ ఎత్తే ఫోన్ ఉంటుంది. అది డబ్బున్న దేశాల సోకు అనుకోనక్కర్లేదు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 766 మంది ముదిరిన క్యాన్సర్ రోగుల మీద జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. తమ బాధలను కంప్యూటర్‌లో తామే నమోదు చేసి, నర్సుకు ఎప్పటికప్పుడు తెలియజేసిన వారి మధ్యస్థ ఆయుర్దాయం 31.2 నెలలు, అలా చేయని వారిది 26. ఎవరో వింటున్నారన్న భరోసాతో పాటు ఐదు నెలల ఆయుష్షు కూడా దక్కింది.

ఇక్కడ కావాల్సినవి ఐదు. కీమో ఇచ్చే ప్రతి ఆసుపత్రీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక పేజీ కాగితం ఇవ్వాలి. చెప్పాక "ఇప్పుడు మీరు చెప్పండమ్మా, జ్వరమొస్తే ఏం చేస్తారు?" అని రోగి చేతే తిరిగి చెప్పించుకున్నాకే ఇంటికి పంపాలి. రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. దగ్గర్లోని ఏరియా ఆసుపత్రి డ్యూటీ డాక్టరుకు చూపించే చీటీ ముందే రాసివ్వాలి. మందుల షాపువాళ్లు కీమో మాత్రల కవరు మీద మొదలుపెట్టే తేదీ, ఆపే తేదీ రాయకుండా ఇవ్వకూడదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కీమో బిల్లులు చెల్లిస్తున్న ప్రభుత్వాలు ఆ చెల్లింపుకు ఈ ఐదింటినీ షరతుగా పెట్టగలవు. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, కోట్ల యంత్రాలు అక్కర్లేదు.

ప్రభుత్వం కదిలేదాకా మీ ఇంట్లో ఈ పని ఆగనక్కర్లేదు. ఇంట్లో కీమో తీసుకుంటున్నవారు ఉంటే ఈ రాత్రే నాలుగు పనులు చేయండి. ఒక డిజిటల్ థర్మామీటరు కొనండి. కీమో అయిన తేదీ, మందు పేరు, ఆసుపత్రి ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి అందరికీ కనపడేచోట అంటించండి. మాత్రలు ఆపాల్సిన తేదీని క్యాలెండర్‌లో చుట్టండి. అర్ధరాత్రి బండి తీసేది ఎవరో ఇప్పుడే అనుకోండి. జ్వరం 100.4 చూపిస్తే ఎవరినీ అడగొద్దు, తెల్లారేదాకా ఆగొద్దు, బయల్దేరండి.